రత్నం సోమవారాలు

మండపేట బజారువీధిలో రత్నం అనే పిల్లి కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంటోందన్న మాట మొదట అన్నది అన్నపూర్ణమ్మే. ఆ తర్వాత ఆ మాటకి కాళ్ళూ చేతులూ వచ్చి ఊరంతా తిరిగిందంటే అది ఊరి తప్పు. పుట్టించింది మాత్రం ఆవిడ.

రత్నానికి పద్నాలుగేళ్ళు. పిల్లుల్లో అది పండు ముసలితనం. అన్నపూర్ణమ్మ, ఆవిడ భర్త కుక్కుటేశ్వరరావు అన్నవరంలో వ్రతం చేయించుకుని ఇంటికొచ్చిన రోజున, కొట్లో బెల్లం దిమ్మల వెనక పిడికెడంత పిల్లికూన ఒకటి అరుస్తూ కనిపించింది. "రత్నగిరి మీంచి స్వామి పంపించాడండీ" అని ఆవిడ దాన్ని కొంగులో చుట్టుకుంది. పేరు కూడా అప్పుడే పడింది.

వాళ్ళది ముందు కిరాణా కొట్టు, వెనక ఇల్లు. నీచు గుమ్మం దాటని ఇల్లు. రత్నం పన్నెండేళ్ళు కొట్లో ఎలుక అన్నది కనపడనివ్వలేదు. అక్కడ అదేం తిన్నదో ఇంట్లోవాళ్ళు ఎప్పుడూ అడగలేదు. మూతి తుడుచుకుని గుమ్మం దాటి వచ్చిందంటే పాలన్నం, పెరుగన్నం తినే మర్యాదస్థురాలు. కోడలు పూజిత విషయంలోనూ ఆ ఇంట్లో ఇదే పద్ధతి. ఆ అమ్మాయి బ్యాంకులో పనిచేస్తుంది. సోమవారాల్లో మధ్యాహ్నం బ్యాంకులో ఏం తింటుందో అత్తగారు అడగదు, కోడలు చెప్పదు, ఇద్దరూ సుఖంగా ఉన్నారు.

రెండేళ్ళ నుంచి రత్నం వేట మానేసింది. కిటికీ గట్టు మీదికి ఎగరడం మానేసి కిందనే గోనెసంచి మీద పడుకుంటోంది. కుక్కుటేశ్వరరావు ఎలుకల బోను ఒకటి తెచ్చుకుని, "రత్నం రిటైరైంది" అని కొట్టుకొచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. ముసలితనమే అనుకున్నారు అందరూ. ముసలితనం అన్న మాట ఒకటి దొరికితే మనుషులు ఇంక వేరే కారణం వెతకరు.

ఇక కార్తీకం వచ్చింది. ఆ ఇంట్లో కార్తీక సోమవారం సాయంత్రం నక్షత్రాలు చూసేదాకా పొయ్యి వెలిగించరు. అది అన్నపూర్ణమ్మ అత్తగారు పెట్టిన నియమం. ఆవిడ పోయి పదిహేనేళ్ళయినా ఆ నియమానికి ఏ లోటూ రాలేదు. కుక్కుటేశ్వరరావుకి మాత్రం ఎదురుగా ఉన్న హోటల్లోంచి ఫ్లాస్కులో కాఫీ వస్తుంది. కాఫీ ఉపవాసం కిందికి రాదని ఆయనకి చిన్నప్పటి నుంచీ నమ్మకం.

మొదటి సోమవారం పొద్దున్న అన్నపూర్ణమ్మ ఫ్రిజ్ లోంచి రాత్రి పెరుగన్నం తీసి రత్నం గిన్నెలో పెట్టింది. రత్నం వచ్చి వాసన చూసింది. నాలిక ఆనించింది. వెనక్కి తిరిగి వెళ్ళి గోనెసంచి మీద పడుకుంది. మధ్యాహ్నం మళ్ళీ పెట్టినా అంతే. సాయంత్రం డాబా మీద నక్షత్రాలు చూసి, కిందికొచ్చి పొయ్యి వెలిగించి, వేడి అన్నంలో గోరువెచ్చటి పాలు పోసి పెడితే గిన్నె నాకి పెట్టింది.

"చూశారాండీ! నక్షత్రాలు చూశాకే ముట్టుకుంది" అంది అన్నపూర్ణమ్మ.

"అయితే దాని మెళ్ళో ఓ రుద్రాక్ష కట్టు" అన్నాడు కుక్కుటేశ్వరరావు.

ఆయన నవ్వుతూ అన్నాడు. పక్కింటి బుల్లెమ్మ గోడ మీదుగా విని నవ్వకుండా ఉండిపోయింది. కథ అక్కడ మొదలైంది.

మంగళవారం రత్నం పొద్దున్నే పాలన్నం తిన్నది. బుధ, గురు, శుక్రవారాలూ తిన్నది. రెండో సోమవారం మళ్ళీ ముట్టుకోలేదు. ఇంక బుల్లెమ్మకి అనుమానం లేదు. ఆ సాయంత్రం ముగ్గురు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్ళు తులసికోట దగ్గర దీపాలు పెడుతుంటే రత్నం మెల్లిగా వచ్చి దీపాల పక్కనే కూర్చుని కళ్ళు అరమూసుకుంది. ముసలి ఎముకలకి ఆ వెచ్చదనం హాయిగా ఉండి కూర్చుంది. బుల్లెమ్మకి మాత్రం అది ధ్యానంలా కనిపించింది. దాని నుదుట కుంకుమ బొట్టు పెట్టి ఫోన్లో వీడియో తీసింది. 'ఈ కాలంలో మనుషులకి లేని నిష్ఠ' అని కింద రాసి తనకున్న గ్రూపులన్నిటికీ పంపింది.

మర్నాటి నుంచి ఫోన్లు. రామచంద్రపురం నుంచి ఆడపడుచు, ద్రాక్షారం నుంచి ఆవిడ వియ్యపురాలు, ఎప్పుడూ పలకరించని దూరపు చుట్టాలు. అన్నపూర్ణమ్మకి సంతోషం వేసింది. దాచడమెందుకు, చాలా సంతోషం వేసింది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆ బజార్లో ఆవిడ కిరాణా కొట్టాయన భార్య. బియ్యానికీ పప్పుకీ జనం వచ్చారు గాని ఆవిడ ఇంట్లో ఒకటి చూడాలని ఎవరూ ఎప్పుడూ రాలేదు.

"అత్తయ్యా, రత్నం బాగా చిక్కిపోయింది. ఎత్తుకుంటే వెన్నెముక తగుల్తోంది. ఎక్కడైనా చూపిద్దామా?" అంది పూజిత ఓ రోజు పొద్దున్న బ్యాంకుకి బయల్దేరుతూ.

"ఉపవాసాలు చేస్తే చిక్కరేంటమ్మా" అంది అన్నపూర్ణమ్మ, బుగ్గన ఉన్న లవంగం అటు నుంచి ఇటు మార్చకుండా జాగ్రత్తగా మాట్లాడుతూ.

మూడో సోమవారం పన్నెండు మంది వచ్చారు. పూలు తెచ్చారు, కొబ్బరికాయ తెచ్చారు. అన్నపూర్ణమ్మ ఆ రోజు రత్నం గిన్నె మార్చి, పీట వేసి, పీట మీద వెండి గిన్నె పెట్టి, ఫ్రిజ్ లోంచి పెరుగన్నం తీసి వడ్డించింది. తినదని తెలిసి వడ్డించడం ఎలా ఉంటుందో ఆ క్షణాన ఆవిడ ఆలోచించలేదు.

రత్నం లేచి వచ్చింది. ఆకలితో వచ్చింది, అది నడకలోనే తెలుస్తోంది. గిన్నెలో మూతి పెట్టి ఒక్కసారి నాకింది. తల విదిలించి కుడి ముందుకాలితో చెంప రుద్దుకుంది. రెండడుగులు వెనక్కి వేసి గిన్నె వంకే చూస్తూ నిలబడింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ నాకింది, మళ్ళీ చెంప రుద్దుకుంది. మూతి చివర నుంచి చొంగ తీగలా జారింది. మూడోసారి గిన్నెదాకా వచ్చి, ముట్టుకోకుండానే సన్నగా ఒక్క అరుపు అరిచి మంచం కిందికి పోయింది.

"చూశావా వదినా! ఆకలేస్తున్నా నిగ్రహించుకుంటోంది. ఎన్ని జన్మల పుణ్యమో" అని బుల్లెమ్మ కళ్ళు ఒత్తుకుంది.

అన్నపూర్ణమ్మ కుడి దవడ జివ్వుమంది.

ఈ సంగతి ఇప్పుడు చెప్పాలి. కిందటేడు ఆవకాయల రోజుల్లో ముక్కలో టెంక కొరికి ఆవిడ కుడివైపు దంతం ఒకటి చిట్లింది. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తే పీకేస్తాడని భయం. అప్పటి నుంచి ఎడమవైపే నములుతోంది. చల్లనీళ్ళు తాగడం మానేసింది. బుగ్గన లవంగం పెట్టుకోవడం నేర్చుకుంది. మరీ నొప్పిగా ఉన్న రోజున, "ఇవాళ నాకు ఉపవాసం" అనేది. అలా శనివారాలు మొదలయ్యాయి, తర్వాత గురువారం రాత్రులు. ఉపవాసం అన్నాక ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యరు, పైగా చేతులు జోడిస్తారు. ఆకలితో కంచం దాకా వెళ్ళి వెనక్కి రావడం ఎలా ఉంటుందో ఆ గదిలో ఉన్న పన్నెండు మందిలో ఒక్కళ్ళకీ తెలియదు. అన్నపూర్ణమ్మకి తెలుసు.

అందుకే రత్నం అలా ఎందుకు చేసిందో ఆవిడకి అప్పుడే తెలిసిపోయింది. సోమవారం ఎందుకో కూడా తెలిసింది. మిగతా రోజుల్లో పొయ్యి మీది వెచ్చటి అన్నం, సోమవారం ఫ్రిజ్ లోది. చల్లటిది తగిలితే పన్ను జివ్వుమంటుంది. నక్షత్రాలకీ దానికీ ఏ సంబంధమూ లేదు.

అప్పుడే అనేయాల్సింది. అనలేదు. ఎదురుగా వెండి గిన్నె, పూలు, ఫోన్లు పట్టుకున్న పన్నెండు మంది. "తాంబూలం తీసుకోండమ్మా" అంది. ఆవిడ మంచి మనిషే, కానీ ఆ పూట మాత్రం పిల్లిని మంచం కింద వదిలేసి తన పేరుని పీట మీద కూర్చోబెట్టుకుంది.

ఆ సాయంత్రం వేడి అన్నం కూడా రత్నం రెండుసార్లు నాకి వదిలేసింది. మంగళవారం పొద్దున్న అదీ లేదు. అన్నపూర్ణమ్మ అన్నాన్ని వేలితో మెత్తగా మెదిపి, గంజిలా చేసి, నోటి దగ్గర పెట్టింది. రత్నం మొహం తిప్పుకుంది. నీళ్ళ గిన్నె పక్కన ముడుచుకుని కూర్చుని ఆ నీళ్ళ వంక చూస్తోంది. మధ్యాహ్నం ఆవిడ దాన్ని ఒళ్ళోకి తీసుకుని కిటికీ వెలుగులోకి తిప్పి, "ఏదీ, నోరు తెరువమ్మా, నా తల్లివి కదూ" అని బతిమాలింది. పై పెదవి మెల్లిగా ఎత్తి చూసింది. కుడివైపు చిగుళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. వాసన వేసింది. ఎత్తుకున్న చేతికి రత్నం బరువే తెలియలేదు.

ఆవిడకి ఏడుపు ఆగలేదు. బ్యాంకులో ఉన్న కోడలికి ఫోన్ చేసింది. "పూజితా, దీనికి ఉపవాసం కాదమ్మా, పన్ను నొప్పి. నాకు నిన్ననే తెలిసింది. తెలిసీ నోరు మూసుకుని కూర్చున్నాను. చచ్చిపోతుందేమోనమ్మా."

"నిన్నటి నుంచి ఏమీ తినలేదా అత్తయ్యా? సరే, మీరు కంగారు పడకండి. రేపు సెలవు పెడతాను. రాజమండ్రి తీసుకెళ్దాం" అంది పూజిత. మామూలుగా ఎక్కువ మాట్లాడే పిల్ల కాదు. ఆ రోజు కూడా అంతకంటే ఒక్కమాట ఎక్కువ అనలేదు, అత్తగారికి అదే పెద్ద ఉపకారంగా తోచింది.

బుధవారం పొద్దున్న పూజిత కారు తీసింది. ఆత్రేయపురం పూతరేకులు వచ్చిన పెద్ద అట్టపెట్టె ఒకటి కొట్లో ఉంటే దానికి చిల్లులు పెట్టి, లోపల పాత చీర పరిచి, రత్నాన్ని అందులో పడుకోబెట్టారు. ద్వారపూడి దాటేదాకా అన్నపూర్ణమ్మ పెట్టెలో చెయ్యి పెట్టే ఉంచింది. క్లినిక్ లో కుక్కపిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాళ్ళు ఆ పెట్టె మీది పేరు చదివి, డాక్టరుగారికి ఎవరో స్వీట్లు తెచ్చారనుకున్నారు.

డాక్టరు విజయ్ పాల్ నెమ్మదస్థుడు. రత్నాన్ని తూకం వేశాడు. మూడు కిలోలకి ఇంకా తక్కువే ఉంది. కళ్ళు చూశాడు, పొట్ట నొక్కి చూశాడు, ఆఖరికి నోరు చూశాడు.

"ఎన్నాళ్ళ నుంచి సరిగ్గా తినటం లేదమ్మా?"

"సోమవారాలండి" అంది అన్నపూర్ణమ్మ.

డాక్టరు పూజిత వైపు చూశాడు. పూజిత నేల వైపు చూసింది. ఇంక లాభం లేదని అన్నపూర్ణమ్మ మొత్తం చెప్పేసింది. పొయ్యి వెలిగించకపోవడం, ఫ్రిజ్, నక్షత్రాలు, వీడియో, వెండి గిన్నె, ఏదీ దాచలేదు. డాక్టరు నవ్వలేదు. అందుకు ఆవిడకి ఆయన మీద గౌరవం కలిగింది.

"పిల్లులు నొప్పి బయటపెట్టవమ్మా. ముసలివైతే మరీను. ఓ మూల పడుకుంటాయి, ఎగరడం మానేస్తాయి, మనం వయసైపోయింది కదా అనుకుంటాం. దీనికి కాస్త కీళ్ళ నొప్పి కూడా ఉంది. కానీ ఇప్పుడు తొందరగా చూడాల్సింది నోరు. మూడు పళ్ళు పూర్తిగా పాడయ్యాయి. తీసెయ్యాలి. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే లివర్ దెబ్బతింటుంది. ఆలస్యం చెయ్యకుండా తెచ్చారు."

"తట్టుకుంటుందాండీ?"

"పద్నాలుగేళ్ళు కదా, భయం లేదని చెప్పను. మత్తివ్వాలి. ముందు రక్తపరీక్ష చేసి కిడ్నీలు ఎలా ఉన్నాయో చూస్తాను. అవి బాగుంటేనే మత్తు."

రిపోర్టు వచ్చేదాకా గంటన్నర. కిడ్నీలు వయసుకి తగ్గట్టు కొంచెం నెమ్మదించాయి గాని ఫర్వాలేదన్నారు. రత్నానికి సెలైన్ ఎక్కించి లోపలికి తీసుకెళ్ళారు. అన్నపూర్ణమ్మ ఖాళీ పూతరేకుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని బయట బెంచీ మీద కూర్చుంది. స్వామీ, నువ్వు పంపిన పిల్లి, నేను పాడుచేశాను, ఈ ఒక్కసారికీ నాకు తిరిగి ఇచ్చెయ్యి అని అన్నవరం వైపు ఏదనుకుందో ఆ వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది. మొక్కు ఏమీ మొక్కలేదు. ఉపవాసం ఉంటానని అనబోయి ఆగిపోయింది.

సాయంత్రం నాలుగింటికి రత్నం తూలుతూ కళ్ళు తెరిచింది. చీర వాసన చూసింది. అన్నపూర్ణమ్మ వేలు నాకింది. ఆవిడ అక్కడే, అందరి ముందూ, చిన్నపిల్లలా ఏడ్చింది.

ఇంటికి పంపే ముందు డాక్టరు జాగ్రత్తలు చెప్పాడు. తిండి మెత్తగా, గోరువెచ్చగా ఉండాలి. పాలు ముసలి కడుపుకి పడవు. నీళ్ళు రెండు మూడు చోట్ల పెట్టాలి. నెలకోసారి తూకం వెయ్యాలి, ఆర్నెల్లకోసారి రక్తం చూపించాలి. "అన్నం ఎప్పుడైనా సరదాకి పెట్టండి. దీనికి కావాల్సింది మాంసమమ్మా. ఇన్నాళ్ళూ కొట్లో ఎలుకల మీద బతికింది, మీ పెరుగన్నం మీద కాదు."

"మాది నీచు తినని ఇల్లండీ. పైగా కార్తీకం."

"మీరు తినక్కర్లేదు కదమ్మా."

పూజిత ప్యాకెట్లు కొన్నది. మెత్తటి ముద్దలా ఉండే తిండి, వేడినీళ్ళలో కాసేపు ఉంచి పెట్టాలి. ప్యాకెట్ మీద చేప బొమ్మ ఉంది. అన్నపూర్ణమ్మ ఆ ప్యాకెట్ కత్తిరించేటప్పుడు ఒక్కనాడూ కళ్ళజోడు పెట్టుకోలేదు.

నాలుగో సోమవారం, ఆ నెలకి ఆఖరిది. పొద్దున్న ఏడింటికి కుక్కుటేశ్వరరావు విభూతి పెట్టుకుని వంటింటి వైపు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. పొయ్యి వెలుగుతోంది.

"ఏంటిది, సోమవారం పూట పొయ్యి?"

"రత్నానికి వేడినీళ్ళండీ" అంది అన్నపూర్ణమ్మ. పొయ్యి ఆర్పలేదు. గోడ మీది ఫొటోలో అత్తగారు చూస్తూనే ఉంది.

బుల్లెమ్మ ఈసారి ఇరవై మందిని తెచ్చింది. వాళ్ళు వచ్చేసరికి రత్నం మామూలు స్టీలు గిన్నెలో మూతి పెట్టి చప్పుడు చేస్తూ తింటోంది. వంటింట్లోంచి ఆ ఇంట్లో ఎన్నడూ రాని వాసన వస్తోంది. కొందరు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"ఇదేంటి వదినా? సోమవారం కదా!" అంది బుల్లెమ్మ.

అన్నపూర్ణమ్మ పిల్లి పక్కనే నేల మీద కూర్చుని ఉంది. లేవలేదు. "దానికి ఉపవాసం లేదు వదినా. ఎప్పుడూ లేదు. పళ్ళు పుచ్చిపోయి తినలేకపోయింది. మూడు పళ్ళు తీశారు. ముందు అన్నది నేను, తప్పు నాది. మీరంతా నా మాట నమ్మి వచ్చారు."

"అలా అంటావేంటి? మా కళ్ళతో చూశాం కదా, ఆకలేసి కూడా ముట్టుకోలేదు!"

"ఆకలేసి కూడా తినలేకపోయింది. అది నాకు తెలుసు."

"నీకెలా తెలుసు?"

తనకి తెలియకుండానే అన్నపూర్ణమ్మ చెయ్యి కుడి చెంప మీదికి వెళ్ళింది. కొట్టు వైపు గుమ్మంలో ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డ కుక్కుటేశ్వరరావు ఆ చెయ్యి చూశాడు.

ఆడవాళ్ళు తాంబూలాలు తీసుకుని వెళ్ళిపోయారు. బుల్లెమ్మ మాత్రం ఆఖరున వెనక్కి వచ్చి, మొహం ముడుచుకునే, రత్నం తల మీద ఒకసారి నిమిరి వెళ్ళింది. వీడియో తీసేస్తానని అనలేదు. తీసెయ్యమని అన్నపూర్ణమ్మా అడగలేదు.

కుక్కుటేశ్వరరావు కొట్టు తలుపు దగ్గరగా వేసి వచ్చి పీట మీద కూర్చున్నాడు.

"అన్నపూర్ణా. శనివారాలు కూడా ఇంతేనా?"

ఆవిడ రత్నం గిన్నెని దానికి ఇంకాస్త దగ్గరికి జరిపింది.

"లవంగాలు ఇన్నేసి ఎందుకు పట్టుకెళ్తున్నావో అనుకున్నాను. బిర్యానీలు వండే ఇల్లు కూడా కాదు మనది" అన్నాడు. "రోజూ నీ పక్కనే కూర్చుని తింటాను. నాకు తెలియలేదు."

"చెబితే కదండీ మీకు తెలిసేది."

"పిల్లి చెప్పిందా నీకు?"

వంటింట్లో పొయ్యి ఇంకా వెలుగుతూనే ఉంది. కుక్కుటేశ్వరరావు లేచి, ఏ డబ్బాలో ఏముందో తెలియక నాలుగు మూతలు తీసి, ఐదో దాంట్లో బొంబాయి రవ్వ కనుక్కున్నాడు. మిగిలిన వేడినీళ్ళలో పోసి ఉండలు కట్టేలా కలిపి, ఉప్పు కాస్త ఎక్కువే వేసి జావ చేశాడు. చల్లారబెట్టి, గోరువెచ్చగా ఉందో లేదో వేలు పెట్టి చూసి గిన్నె ఆవిడ ముందు పెట్టాడు. కార్తీక సోమవారం పొద్దున్న ఎనిమిదిన్నరకి, ఏ నక్షత్రమూ లేని వెలుగులో, అన్నపూర్ణమ్మ ఆ జావ తిన్నది. ఆకలిగా ఉందని ఆవిడకి తినేటప్పుడు తెలిసింది.

రత్నం గిన్నె ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, ఆవిడ చీర అంచు మీదికి ఎక్కి పడుకుంది.

"ఏదీ, ఏ పన్నో చూపించు" అన్నాడు కుక్కుటేశ్వరరావు, జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంటూ.

"పీకేస్తారేమోనని భయమండీ."

"మూడు పీకించుకుంది అది. నీ పక్కనే పడుకుంది చూడు. నేను వస్తాను కదా నీతో."

అన్నపూర్ణమ్మ కిటికీ వెలుగు వైపు తిరిగి నోరు తెరిచింది.